అన్నం పెడితే సరిపోతుందా?



పోయిన మొదటి శుక్రవారం కోరుట్ల దగ్గరి ఒక పల్లెలో మంచం పట్టిన ఒక ముసలమ్మకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్లాను. కొడుకులిద్దరూ దుబాయిలో ఉన్నారు. నెలనెలా డబ్బు వస్తుంది. స్లాబు ఇల్లు, ఫ్యాను, టీవీ, గోలీలు, దేనికీ లోటు లేదు. కోడలు వేళకు పళ్లెం తెచ్చి మంచం పక్కన పెట్టి పోతుంది. "ఎట్లున్నవమ్మా?" అన్నాను. "బువ్వకు కొదువ లేదు ఫాదర్. పలకరించేటోళ్లే లేరు" అన్నది. బీడీలు చుట్టీ చుట్టీ వంకరపోయిన వేళ్లు ఆమెవి.

తిరుగు బస్సులో, సెమినరీలో తత్త్వశాస్త్రం పాఠాల్లో చదివిన చైనా జ్ఞాని కన్‌ఫ్యూషియస్ గుర్తుకు వచ్చాడు. క్రీ.పూ. 551లో పుట్టి 479లో మరణించాడని చెబుతారు. పుత్రధర్మం అంటే ఏమిటని ఒక శిష్యుడు అడిగితే, తల్లిదండ్రులకు తిండి పెట్టడంతోనే అది తీరిపోదన్నాడాయన. కుక్కలకూ గుర్రాలకూ మనమే మేత వేస్తున్నాం. గౌరవం లేకపోతే ఆ రెంటికీ తేడా ఎక్కడ? మరో శిష్యుడికి ఇంకా కష్టమైన మాట చెప్పాడు. పని చేసిపెట్టడం, ముందుగా వడ్డించడం తేలికే, ఆ చేసేటప్పుడు ముఖం ఎలా ఉందన్నదే కష్టమట.

ఈ సంగతి జగిత్యాలలో చెబితే, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఒకాయన నన్ను నిలదీశాడు. "మేము ఎండలో మాడింది ఎవరి కోసం ఫాదర్? ఆ పైసలల్ల గౌరవం లేదా?" ఉంది. అప్పు తీర్చడానికి సముద్రం దాటిన కొడుకును వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతూ, తానూ బీడీల చాట ముందు నడుము వంచే కోడలినీ నిందించను. అయితే కన్‌ఫ్యూషియస్ కొలిచింది దూరాన్ని కాదు, మనసును. తల్లిదండ్రులు పోతే మూడేళ్లు సంతాపం పాటించడం అక్కడి ఆచారం. ఒక్క ఏడు చాలదా అని ఒక శిష్యుడు అడిగాడు. ఆ దినాల్లో మంచి అన్నం తిని పట్టుబట్టలు కడితే నీ మనసుకు హాయిగా ఉంటుందా అని గురువు అడిగితే, ఉంటుందన్నాడు. అయితే అలాగే చేయమన్నాడు గురువు. అతడు వెళ్లాక మాత్రం బాధపడ్డాడు. బిడ్డ తల్లిదండ్రుల చేతుల్లోంచి దిగడానికి మూడేళ్లు పడుతుంది కదా అని!

ఆ తరువాతి కాలపు జ్ఞాని మెన్షియస్ గురించి ఒక కథ ఉంది. చదువు మీద శ్రద్ధ తగ్గిన కొడుకు ముందు అతని తల్లి మగ్గం మీది గుడ్డను కత్తిరించి, నువ్వు చదువు మానడమూ ఇంతే అన్నదట. ఈ కథ సిరిసిల్లలో చెప్పినప్పుడు ఒక ముసలి నేతన్న, "అయ్యో, నేసిన గుడ్డను కోసిందా!" అన్నాడు. నాకు అంతవరకూ కొడుకే కనిపించాడు. ఆ తల్లి పోగొట్టుకున్నది ఆయనకే కనిపించింది.

చైనీయులు తమ పెద్దలకు చేసే వందనం ఆరాధన కాదు, గౌరవమే అని మత్తెయో రిచ్చి అనే యేసు సభ గురువు భావించాడు. ఆయన 1610లో పెకింగులో మరణించాడు. 1742లో పోపు 14వ బెనెడిక్టు ఆ ఆచారాలను నిషేధించారు. 1939లో గాని శ్రీసభ ఆ పట్టు సడలించలేదు. మనకూ ఆలస్యంగానే అర్థమైంది.

తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం, అని తప్పించుకునేవారిని క్రీస్తు ప్రభువు గద్దించిన ఘట్టం మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ఉంది. దాని మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. మా అమ్మకు మాత్రం నెలనెలా మనియార్డరు పంపేవాణ్ణి. పూజలు, మీటింగులు, పండుగలు! వెళ్లడానికి తీరిక ఉండేది కాదు. నాది దేవుని పని గదా! ఆమె ఒక్కసారి కూడా రమ్మని అడగలేదు. అడగకపోవడాన్ని నేను సమ్మతి అనుకున్నాను.

వచ్చే శుక్రవారం మళ్లీ ఆ పల్లెకు వెళ్లాలి. పన్నెండు గంటల బస్సు ఎక్కకుండా కాసేపు కూర్చుంటానని ఆ ముసలమ్మకు మాటిచ్చాను.