ఎత్తిన చెయ్యి

మద్రాసు పెరంబూరులో, పేపర్ మిల్స్ రోడ్డులోంచి చీలిన ఒక సందులో, మేడ మీద ఒక పళ్ళ డాక్టరమ్మ ఉండేది. కింద పూలకొట్టు. పైన ఒకే ఒక కుర్చీ, సాయానికి ఒక కాంపౌండరమ్మాయి, గోడకి వేంకటేశ్వరస్వామి క్యాలెండరు. వచ్చేవాళ్ళలో సగం మంది రైలు కుటుంబాలవాళ్ళే. 1955 అక్టోబరు 2న నెహ్రూ వచ్చి రైలు పెట్టెల కర్మాగారం, అదే ఐ.సి.ఎఫ్., ప్రారంభించారు. ఆ పని కోసం వచ్చి అక్కడే ఉండిపోయినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, కోడళ్ళు, మనవలు. డాక్టరమ్మ తమిళులతో తమిళం, నెల్లూరు, గూడూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళతో తెలుగు మాట్లాడేది.

ఆవిడ చెయ్యి తేలికని పేరు. మాట అంతకంటే చల్లనని పేరు. భయంతో బిగుసుకుపోయిన పిల్లాడు కుర్చీ ఎక్కితే, పళ్ళు పాలిష్ చేసే రబ్బరు కప్పుని ముందు వాడి బొటనవేలి గోటి మీద తిప్పేది. "చక్కిలిగిలి పెట్టిందా? పంటిక్కూడా అంతే" అనేది. ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆ తర్వాతే చెయ్యడం. పెద్దవాళ్ళకయితే సూది వేసే ముందు ఒక మాట చెప్పేది: "కుడిపక్క నేనుంటాను. నొప్పేస్తే ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను." ఎత్తిన ప్రతిసారీ ఆపేది. నోరు తెరుచుకుని పడుకున్న మనిషి మాట్లాడలేడు. అందుకని ఆవిడ కన్ను ఒకటి పంటి మీద ఉంటే ఇంకొకటి రోగి చేతిమీద ఉండేది. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి.

నలభై అయిదో ఏట మెడ పట్టేసింది. గంటలకొద్దీ ఒక పక్కకి వంగి పని చేసే పళ్ళ డాక్టర్లకి ఇది కొత్త జబ్బేం కాదు. పని గంటలు తగ్గించమన్నారు. ఒక కుర్చీ మీద బతికే మనిషి గంటలు తగ్గిస్తే అద్దె తగ్గదు, ఎక్స్‌రే మిషను వాయిదా తగ్గదు, కాంపౌండరు జీతం తగ్గదు. అప్పుడు తట్టింది, మాట్లాడి సంపాదించొచ్చు కదా అని. మద్రాసు మొదటినుంచీ స్టేజీ మాటల ఊరు. అన్నాదురై ప్రసంగం వినడానికి జనం నడిచి వచ్చిన ఊరు, పండగొస్తే ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని పట్టిమన్ఱం వాదాలు వినే ఊరు. ఆ పట్టిమన్ఱాల్లో పేరు తెచ్చుకున్న భారతీ భాస్కర్ బ్యాంకు ఉద్యోగం చేస్తూనే మాట్లాడారు. మరి పళ్ళ డాక్టరు ఎందుకు మాట్లాడకూడదు?

శనివారం సాయంత్రాలు క్లినిక్ మూసి ఉపన్యాసాల క్లబ్బులో చేరింది. 1924లో రాల్ఫ్ స్మెడ్లీ కాలిఫోర్నియాలో ఒక వై.ఎం.సి.ఎ.లో మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ పద్ధతి అది. మాట్లాడేవాళ్ళకి అయిదో నిమిషానికి పచ్చ రంగు చూపిస్తారు, ఆరో నిమిషానికి పసుపు, ఏడుకి ఎరుపు. ఒకరు కూర్చుని మనం ఎన్నిసార్లు "ఆఁ" అన్నామో లెక్కపెడతారు. మొదటి రోజు ఆవిడ లెక్క ముప్పై దాటింది, ఆరు నెలలకి రెండుకి దిగింది. గొంతు నిలబడింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసింది. ఆ క్లబ్బు నేర్పగలిగినదంతా నేర్చుకుంది.

మొదటి పెద్ద అవకాశం రిటైరైన ఉద్యోగుల సంఘం వార్షికోత్సవం. కల్యాణ మండపంలో మూడొందల కుర్చీలు. పళ్ళ గురించి ఎవరు వింటారులే అనుకుని, "విజయానికి ఏడు మెట్లు" అని పేరు పెట్టి అరవై స్లైడ్లు తయారు చేసింది. కొండెక్కిన మనిషి కథ, ఓడి గెలిచిన వ్యాపారి కథ, ఎడిసన్ బల్బు కథ. నలభై నిమిషాలు ఒక్క "ఆఁ" లేకుండా మాట్లాడింది. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, గాజు మెమెంటో ఇచ్చారు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. నెల గడిచింది. మెమెంటో రిసెప్షన్ బల్ల మీద దుమ్ము పట్టింది.

ఒక సాయంత్రం డెబ్భై దాటిన పెద్దాయన ఒకాయన కింది దవడ పంటి నొప్పితో వచ్చాడు. బేసిన్ బ్రిడ్జి యార్డులో పెట్టెల చక్రాలు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఏ పన్నో చూపించలేక దవడంతా నొప్పంటున్నాడు. ఆవిడ అద్దం తిరగేసి, దాని పిడితో ముందు నొప్పి లేని పక్కన ఒక పన్ను తట్టింది. తర్వాత దాని పక్కది. తర్వాత ఇంకొకటి. చివర తట్టిన పన్ను దగ్గర ఆయన ఉలిక్కిపడ్డాడు. వేరు కొసన చీము పడితే తట్టినప్పుడు అలాగే తెలుస్తుంది.

పెద్దాయన నోరు మూసుకుని కూర్చుని నవ్వాడు. "ఏందమ్మా, మా పనే నువ్వూ చేస్తుండావే."

"మీ పనేంటి బాబాయిగారూ?"

"పొడుగు కర్ర సుత్తితో చక్రాన్ని కొట్టేవోళ్ళం. బాగుండేది గంట మాదిరి మోగుద్ది. పగులుండేది మొద్దుగా అంటది. ముందర బాగుండేదాని మోత చెవిలో పెట్టుకోవాల. అప్పుడు గదా చెడ్డది తెలిసేది."

సూది వేసే ముందు ఆవిడ అలవాటు ప్రకారం అంది: "నొప్పేస్తే ఎడమ చెయ్యెత్తండి."

"మొన్న మండపంలో గూడా ఎత్తినానమ్మా," అన్నాడాయన. "నువ్వు చూళ్ళా."

ఆవిడ చేతిలో సిరంజి ఆగిపోయింది. "ఎందుకెత్తారు?"

"మా ఇంటామె కట్టుడు పళ్ళు పెట్టుకున్నాక నాతో కూర్చుని అన్నం తినడం మానేసింది. వంటింట్లో ఒక్కతే తింటది. ఎందుకే అంటే చెప్పదు. డాక్టరమ్మ మాట్లాడతాదని నోటీసులో ఉంటే, అడుగుదామని ముందు వరసలో కూర్చున్నా. నువ్వేమో ఎవురో కొండెక్కిన కత చెబుతుండావు."

మర్నాడు ఆ పెద్దామెని తీసుకురమ్మంది. ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళు లేని దవడ ఎముక కరిగిపోతుంది, కింది సెట్టు వదులవుతుంది. మాట్లాడితే కదులుతుంది, నమిలితే టక్కుమంటుంది. మొగుడి ముందు అది ఊడి కంచంలో పడుతుందేమోనని ఆ తల్లి మూడేళ్ళుగా ఒంటరిగా తింటోంది. సెట్టు లోపలి వైపు మళ్ళీ సరిచేసి పెట్టడానికి రెండు సార్లు రావలసి వచ్చింది.

మళ్ళీ మాట్లాడతానని డాక్టరమ్మ తనే సంఘం వాళ్ళని అడిగింది. ఈసారి స్లైడ్లు లేవు. చేతిలో ఒక కట్టుడు పళ్ళ సెట్టు, ఒక గ్లాసు నీళ్ళు. మొదటి మాట: "నేను చెప్పింది తెలియకపోయినా, ఒప్పుకోకపోయినా ఎడమ చెయ్యెత్తండి. ఆపేస్తాను." రెండో మాట: "మీ ఇంట్లో ఎవరైనా మీతో కలిసి తినడం మానేశారా?" మండపం నిశ్శబ్దమైపోయింది. మూడు నిమిషాలకి వెనక వరసలో ఒకామె సగం దాకా చెయ్యెత్తి, మళ్ళీ దించబోయింది. డాక్టరమ్మ వాక్యం మధ్యలో ఆగి, స్టేజీ దిగి ఆమె దగ్గరకి నడిచింది.

ఆ రోజు ఏడుగురు చేతులెత్తారు. అనుకున్న ప్రసంగంలో సగం చెప్పనే లేదు. వారం తిరక్కముందే వృద్ధుల్ని చూసుకునే ఒక ఆశ్రమం వాళ్ళు పిలిచారు, తర్వాత నర్సులకి శిక్షణ ఇచ్చేవాళ్ళు, ఆ తర్వాత ఒక కంపెనీ వాళ్ళు ఫీజెంతని అడిగారు. ఆవిడ మొహమాటపడకుండా చెప్పింది. క్లినిక్ మూసిన పూటకి ఎంత పోతుందో ఆవిడ దగ్గర లెక్కుంది.

నీతి

వినేవాళ్ళ చేతిలో మన మాటని ఆపే హక్కు పెట్టాలి. పెట్టాక ఆ చేతినే చూస్తుండాలి. పళ్ళ డాక్టరుకి ఈ విద్య పుట్టుకతో వచ్చినంత సహజంగా వస్తుంది. అయినా స్టేజీ ఎక్కగానే ముందు పోగొట్టుకునేది దాన్నే. నోరు తెరుచుకున్న మనిషి మౌనంగా ఉంటాడు, ఎదురుగా కూర్చున్న మూడొందల మందీ మౌనంగానే ఉంటారు. మొదటి మౌనంలో నొప్పి ఉండొచ్చని డాక్టరుకి తెలుసు. రెండో మౌనాన్ని మాత్రం ఒప్పుకోలు అనుకుంటాం. నన్ను బాధపెట్టేది ఇదే, ఎందుకంటే మంచి డాక్టర్లు ఇక్కడే మంచి వక్తలు కాకుండా ఆగిపోతున్నారు.

పళ్ళ వైద్య చరిత్రలో దీనికి పూర్తిగా ఎదురు మనిషి ఒకడున్నాడు. అమెరికాలో ఎడ్గర్ పార్కర్ అనే డాక్టరు వీధిలో జనాన్ని పోగేసి పళ్ళు పీకేవాడు. పక్కన బ్యాండు మేళం. రోగి కేక పెట్టే సమయానికి మేళం జోరు పెంచేది, కేక ఎవరికీ వినబడేది కాదు. నొప్పి లేకుండా పీకుతానని ప్రచారం చేసుకుని, 1915లో తన పేరునే చట్టబద్ధంగా పెయిన్‌లెస్ పార్కర్ అని మార్చుకున్నాడు. ఆయనకి జనం కొరవ లేదు, డబ్బు కొరవ లేదు. కానీ ఆ బ్యాండు మోత నాకు నచ్చదు. ఏడు మెట్ల కథలూ అరవై స్లైడ్లూ కూడా ఎవరి కేకనో కప్పేసే మేళాలే.

అదే చరిత్రలో ఇంకొకడు హొరేస్ వెల్స్. హార్ట్‌ఫర్డ్ ఊళ్ళో పళ్ళ డాక్టరు. 1844 డిసెంబరులో నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి తన పన్నునే తీయించుకున్నాడు, నొప్పి తెలియలేదు. తర్వాత తన రోగుల మీదా వాడి చూశాడు. మర్నెల బోస్టన్‌లో విద్యార్థుల ముందు చేసి చూపించబోయాడు. గ్యాసు సంచి తొందరపడి ముందే తీసేశారు, రోగి మూలిగాడు, చూసేవాళ్ళు మోసమని అరిచారు. వెల్స్ ఆ దెబ్బనుంచి కోలుకోలేదు. మరుసటి ఏడాది, 1846 అక్టోబరు 16న, ఆయన దగ్గరే పని నేర్చిన విలియం మోర్టన్ అదే బోస్టన్‌లో ఈథర్‌తో గెలిచి చూపించాడు. సొంత క్లినిక్‌లో రోగికి మందెక్కే దాకా ఆగగలిగిన చెయ్యి నలుగురి ముందు తొందరపడింది. క్లబ్బులోని పచ్చ, పసుపు, ఎరుపు రంగులు కాలాన్ని కొలుస్తాయి. రోగికి మందెక్కిందో లేదో అవి చెప్పవు.

ప్రాక్టీసు వదిలేస్తేగాని వక్త కాలేమని కొందరు అంటారు. కానీ చాగంటి కోటేశ్వరరావు గారు కాకినాడలో ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ళ తరబడి ప్రవచనాలు చెప్పారు. పళ్ళ డాక్టరు కుర్చీ వదలకూడదనే నేనంటాను. చెప్పవలసినదంతా దొరికే చోటు అదే. అయితే స్టేజీని పేషెంట్లని లాగే వలగా వాడకూడదు. దంతవైద్యుల నీతి నియమావళి అలాంటి ప్రచారాన్ని ఒప్పుకోదు, మన మనస్సాక్షి కూడా ఒప్పుకోకూడదు. మా డాక్టరమ్మ మండపంలో విజిటింగ్ కార్డు పంచదు. ఎవరైనా అడిగితే, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళమంటుంది.

ఆవిడ కుర్చీ పక్కన ఇప్పుడొక రూళ్ళ నోటుపుస్తకం ఉంటుంది. చేతులు కడుక్కున్నాక, ఆ పూట విన్న ప్రశ్నని అడిగినవాళ్ళ మాటల్లోనే రాస్తుంది. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందా. కడుపుతో ఉన్నప్పుడు సూది వేయించుకోవచ్చా. పాల పళ్ళే కదా, ఊడిపోయేవాటికి ఖర్చెందుకు. మా ఆయన ఖైనీ మానాలంటే ఎవరు చెప్పాలి. ప్రసంగాలన్నీ అందులోంచే వస్తాయి. ఒక పేజీలో మాత్రం ప్రశ్న కింద ఖాళీగానే ఉంది. ఆరేళ్ళ పాప అడిగింది, వాళ్ళ నాయనమ్మ పక్కనే ఉండగా: "పళ్ళన్నీ ఊడిపోయినవాళ్ళు నవ్వితే ఎవరూ ఫొటో తియ్యరెందుకు?"