తొలి వాటా అగ్నిది

శక్తి కావాలని కోరుకోని మనిషి ఉండడు. ఆ శక్తి ఎక్కడ పుడుతోందో, దాన్ని ఎవరు పోషిస్తున్నారో ఆలోచించేవారు మాత్రం అరుదు. పనులు సాగుతున్నంతకాలం మూలం గుర్తుకు రాదు. అందుకే పెద్దలు ఈ సంగతిని శాస్త్రాల్లో చెప్పడంతో ఆగకుండా నిత్యాచారాల్లోనూ ఇమిడ్చారు. ఈ కాలపు పిల్లలు ఇష్టంగా ఆడే ఒక కంప్యూటర్ ఆటలో కూడా అదే పాఠం కనిపిస్తుంది.

ఆ ఆట పేరు ఫ్యాక్టోరియో. చెక్ దేశ రాజధాని ప్రేగ్‌లోని వూబ్ సాఫ్ట్‌వేర్ దాన్ని తయారుచేసింది. 2020 ఆగస్టులో పూర్తి రూపంలో విడుదలైంది. తెలియని గ్రహం మీద కూలిపోయిన నౌకలోంచి ఒక మనిషి ఒంటరిగా బయటపడతాడు. చేతులతో రాయి, బొగ్గు, ఇనుప ఖనిజం తవ్వడంతో మొదలుపెట్టి కొలుములు, ఫ్యాక్టరీలు కట్టి, చివరికి రాకెట్‌ను నింగిలోకి పంపేదాకా ఎదుగుతాడు. ఆ ఎదుగుదలకంతటికీ ఆధారం విద్యుత్తు.

మొదట్లో అది బొగ్గుతో పుడుతుంది. పంపు నీరు తోడుతుంది, బాయిలర్‌లో బొగ్గు మండుతుంది. ఒక్కో బాయిలర్ ఇచ్చే ఆవిరితో రెండు ఇంజన్లు తిరుగుతాయి. ఒక్కో ఇంజను 900 కిలోవాట్లు ఇస్తుంది. ఆ బొగ్గును గనిలోంచి తవ్వే యంత్రాలు మామూలుగా కరెంటుతోనే నడుస్తాయి. బెల్టు మీద వచ్చిన బొగ్గును ఎత్తి బాయిలర్‌లో వేసే చిన్న యంత్రపు చేతులకు ఇన్సర్టర్లని పేరు. వాటిలో చాలావరకు కదలడానికీ కరెంటే కావాలి. అంటే అగ్నికి ఆహారం పెట్టే చెయ్యి ఆ అగ్ని మీదే బతుకుతోంది.

ఫ్యాక్టరీ పెరిగేకొద్దీ వాడకం పెరుగుతుంది. ఒకరోజు అది ఉత్పత్తిని దాటుతుంది. యంత్రాలన్నీ కొంచెం నెమ్మదిస్తాయి. వాటితోపాటే బొగ్గు తవ్వే యంత్రాలు, బొగ్గు వేసే చేతులు కూడా నెమ్మదిస్తాయి. దాంతో బాయిలర్‌కు బొగ్గు తగ్గి ఆవిరి తగ్గుతుంది, ఆవిరితోపాటు కరెంటూ తగ్గుతుంది. చేతులు ఇంకా నెమ్మదిస్తాయి. చివరికి ఫ్యాక్టరీ అంతా చీకటవుతుంది. ఆటగాళ్లు దీన్ని డెత్ స్పైరల్ అంటారు. ఒకసారి ఆ సుడిలో పడితే ఫ్యాక్టరీ తనంతట తాను బయటపడలేదు.

ఇక్కడ ఏ యంత్రమూ చెడిపోలేదు. గనిలో బొగ్గు అయిపోలేదు. కొరత వచ్చినప్పుడు కరెంటు అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గింది. ఎక్కడో వెలిగే దీపానికి ఎంత కోత పడిందో, బొగ్గు వేసే చేతికీ అంతే కోత పడింది. మూలాన్ని పోషించే పనిని తక్కిన వంద పనుల్లో ఒకటిగా లెక్కకట్టడం వల్లే అంత పెద్ద వ్యవస్థ కూలింది.

నిజమైన విద్యుత్ కేంద్రాలకూ ఈ ధర్మం తప్పదు. థర్మల్ కేంద్రంలో బొగ్గును పొడిచేసే మిల్లులు, గాలి ఊదే ఫ్యాన్లు, నీటి పంపులు తిరగాలంటే ముందు కరెంటు ఉండాలి. 2012 జులై 30న మన దేశంలోని ఉత్తర గ్రిడ్, మర్నాడు దాంతోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలిపోయినప్పుడు, ఆగిన కేంద్రాలను మళ్లీ లేపడానికి ఇతర చోట్ల నుంచి కరెంటు తెచ్చి అందించవలసి వచ్చింది. పూర్తిగా చల్లారిన అగ్ని తనను తాను రాజేసుకోలేదు.

అనుభవజ్ఞులైన ఆటగాళ్లు దీనికి రెండు ఉపాయాలు చేస్తారు. బొగ్గు తవ్వే, అందించే యంత్రాలను పెద్ద గ్రిడ్ నుంచి విడదీసి, వాటికంటూ రెండు మూడు ఇంజన్లు వేరుగా కేటాయిస్తారు. ఫ్యాక్టరీలో ఎంత కొరత వచ్చినా ఆ చిన్న వలయాన్ని అది తాకదు. రెండో ఉపాయం, కరెంటు అక్కర్లేని ఇన్సర్టర్లను బాయిలర్ల దగ్గర నిలపడం. అవి తాము మోసే బొగ్గులోంచే కొంచెం తీసుకుని మండించుకుని, మిగిలినదంతా బాయిలర్‌కు అందిస్తాయి. అన్ని ఇన్సర్టర్లలో అవే నెమ్మదైనవి. అయినా అందరూ ఆగిపోయిన చోట అవి ఆగవు.

ఆట ముందుకు సాగితే అణువిద్యుత్తు వస్తుంది. విడిగా 40 మెగావాట్లు ఇచ్చే రియాక్టర్లు నాలుగింటిని చదరంగా ఆనించి కడితే, పొరుగు వేడి కలిసివచ్చి మొత్తం 480 మెగావాట్లు అందుతుంది. అందుకు 48 హీట్ ఎక్స్ఛేంజర్లు, 83 టర్బైన్లు అమర్చాలి. చూడటానికి మహా నిర్మాణం. దాని ప్రాణం మాత్రం దొరకడమే అరుదైన యురేనియం-235లో ఉంది. ఖనిజాన్ని శుద్ధి చేస్తే వచ్చే యురేనియంలో అది వెయ్యికి ఏడు పాళ్లు మాత్రమే. ప్రకృతిలోనూ దాని నిష్పత్తి దాదాపు అంతే.

ఆ అరుదైన లోహాన్ని పెంచుకోవడానికి ఆటలో కోవరెక్స్ ప్రక్రియ ఉంది. 40 పాళ్ల యురేనియం-235ను, 5 పాళ్ల యురేనియం-238తో కలిపి వేస్తే, 41 పాళ్ల యురేనియం-235 తిరిగి వస్తుంది. లాభం ఒక్కటే. ఆ 40 మళ్లీ యంత్రానికే సమర్పించాలి, మిగిలిన ఒక్కటే వాడుకోవాలి. ఆ ఒక్కదానితో 10 ఇంధన సెల్స్ తయారవుతాయి. కరువు కాలంలోనూ విత్తనాల గాదె ముట్టని రైతులా ఆటగాడు ఆ 40ని కాపాడుకోవాలి. ఇప్పుడు కరెంటు చాలడం లేదని అందులోంచి ఒక్కటి తీసినా చక్రం ఆగిపోతుంది.

భగవద్గీత మూడో అధ్యాయంలో శ్రీకృష్ణుడు యజ్ఞచక్రం గురించి చెప్పింది ఈ క్రమాన్నే. అన్నం వల్ల ప్రాణులు, వాన వల్ల అన్నం, యజ్ఞం వల్ల వాన. అందుకున్నదాంట్లో తొలి భాగాన్ని మూలానికి సమర్పించి, మిగిలినదాన్ని ప్రసాదంగా స్వీకరించేవాడు పాపం అంటకుండా బతుకుతాడు. తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు ఆ చక్రాన్ని ఆపినవాడవుతాడు.

నిత్యాగ్నిహోత్రుల ఇళ్లలో ఇది రోజువారీ నియమం. గార్హపత్యాగ్నిని ఆరనివ్వకుండా కాపాడతారు. హోమవేళ ఆహవనీయానికి నిప్పు అక్కడి నుంచే తీసుకువెళ్తారు. ఆహుతులు అందుకునేది ఆహవనీయం. అయినా గార్హపత్యాన్ని నిలుపుకున్నవారికే ఆ హోమం సాగుతుంది.

మన జీవితాల్లో కొరత వచ్చినప్పుడు మొదటి కోత దేనికి పడుతోంది? ఆఫీసులో పని పెరిగితే పొద్దుటి ధ్యానం పోతుంది. పిల్లల పరీక్షలొస్తే సంధ్యాదీపం దగ్గర కూర్చునే పది నిమిషాలు పోతాయి. నిద్ర తగ్గుతుంది, పారాయణం ఆదివారానికి వాయిదా పడుతుంది. ఇవన్నీ మనలోని అగ్నికి బొగ్గు వేసే చేతులు. వాటిని ఆపి మిగిల్చుకున్న కాలంతో ఇంకాస్త పని చేస్తాం. వారం తిరిగేసరికి మాటలో ఓర్పు, పనిలో శ్రద్ధ సన్నగిల్లుతాయి. అప్పుడు సాధనకు కూర్చుందామన్నా మనసు నిలవదు. సుడి మొదలైందన్నమాట.

గాంధీజీ మోసినంత భారం మోసినవారు తక్కువ. స్వాతంత్ర్య పోరాటం నడుస్తున్న కాలంలోనే ఆయన ప్రతి సోమవారం మౌనం పాటించారు. రోజూ ఉదయం, సాయంత్రం ప్రార్థన చేశారు. 1948 జనవరి 30న ఆయన చివరి అడుగులు సాయంకాల ప్రార్థనా సభ వైపే పడ్డాయి. దేశమంతా ఆయన సమయాన్ని కోరుతున్నా, ఆ వేళలను ఆయన దేశానికి కూడా ఇవ్వలేదు. ఆ వేళల్లో కూడగట్టుకున్న బలంతోనే తక్కిన సమయమంతా దేశానికి ఇవ్వగలిగారు.

ఈ మాట ముఖ్యంగా అందరికీ వడ్డించి చివర తినే తల్లులకు, మంచాన పడ్డ పెద్దలను ఏళ్ల తరబడి చూసుకునేవారికి, ఊరి సేవలో తమను మరచిపోయేవారికి చెప్పాలి. ఇంటికి అగ్ని మీరే. మీ భోజనం, మీ నిద్ర, మీ జపం ఇంటివారి వాటాలోంచి దొంగిలించినవి కావు. బొగ్గు మోసే చెయ్యి తనకు కావలసిన కొంచెం తీసుకోవడం వల్లే బాయిలర్‌కు మిగతాదంతా అందుతోంది. చుట్టూ ఉన్నవారు కూడా ఆ చేతిని కనిపెట్టుకుని ఉండాలి. అమ్మ పూజకు కూర్చున్న అరగంట ఇంట్లో ఎవరూ ఆమెను పిలవకపోవడం కూడా యజ్ఞంలో భాగమే.

సాధన పెద్దదై ఉండనక్కర్లేదు. ఏ పరిస్థితిలోనూ ఆగని చిన్న నియమం ఒకటి చాలు. పదకొండు సార్లు నామస్మరణ కావచ్చు, ఫోను చేతికి తీసుకోకముందు ఐదు నిమిషాల మౌనం కావచ్చు. దాన్ని తక్కిన పనుల జాబితాలో చేర్చకుండా వేరుగా ఉంచుకోవాలి. తీరిక ఉన్న రోజు దాన్ని ఎవరైనా చేస్తారు. ఊపిరి సలపనంత పని ఉన్న రోజున ముందు అదే చేసి, ఆ తర్వాతే గడప దాటాలి.