ఆ మూడడుగులూ వదిలెయ్యరా

ఒరే అబ్బాయ్, గృహప్రవేశం ముచ్చటగా చేశారు. ఆ సందట్లో అనలేక ఊరుకున్నాను గానీ, పెరట్లో నువ్వు లేపిన బీరపాదు పందిరి నాకు నచ్చలేదు. పాదు మీద కోపం లేదు. టెక్సస్ ఎండల్లో బీరకాయ కాయించడం మాటలు కాదు. పందిరి వేసిన చోటే తప్పు.

ఏసీ కండెన్సర్ పక్కన గోడకి బూడిదరంగు డబ్బా ఒకటుంది చూడు. మూత ఎత్తితే లోపల పిడి ఉన్న నల్లటి దిమ్మ కనబడుతుంది. దాన్ని పట్టుకు లాగితే యూనిట్‌కు కరెంటు ఆగిపోతుంది. డిస్కనెక్ట్ అంటారు దాన్ని. నీ పందిరి గుంజ సరిగ్గా దాని ముందే దిగింది. మీరంతా భోజనాల దగ్గర ఉన్నప్పుడు టేపు పెట్టి చూశాను. 14 అంగుళాలు. ఉండాల్సింది 36.

పెదనాన్న చాదస్తం అనుకోకు. అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 110.26 చదువు. టెక్సస్ 2023 సెప్టెంబరు 1న ఆ ఏటి కోడ్‌నే అమల్లోకి తెచ్చుకుంది. కరెంటు ఉండగా తెరిచి చూడాల్సిన పరికరం ముందు 3 అడుగుల లోతు, 30 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఖాళీగా ఉండాలి. అక్కడ సామాను పెట్టకూడదని కూడా రాసి ఉంది. ఇంత చిన్న డబ్బాకి అంత చోటా అని వాదించేవాళ్ళూ ఉన్నారులే.

"కరెంటు ఆపేసే కదా మావయ్యా పని చేస్తారు, చోటెందుకు?" అని కోడలుపిల్ల అడిగింది. మంచి ప్రశ్నే. ఏసీ ఆడకపోతే మెకానిక్ ఆ డబ్బాలో మీటరు పెట్టి 240 వోల్టులు వస్తున్నాయా అని చూస్తాడు. అది కరెంటు ఉండగానే చూడాలి. చెమటకి చొక్కా తడిసి, నీ గుంజకీ గోడకీ మధ్య ఇరుక్కుని, నడుం కండెన్సర్‌కు ఆనించి చూస్తాడన్నమాట. ఆ ఇనప పెట్టెకి ఎర్త్ ఉంటుంది. చెయ్యి జారిందా, కరెంటు అతని ఒంట్లోంచే దారి వెతుక్కుంటుంది. వెనక్కి దూకడానికైనా చోటుండాలి కదరా.

ఇంకోటి, 440.14. ఆ డబ్బా ఏసీ దగ్గర నిలబడ్డవాడికి కనబడాలి, 50 అడుగులు దాటకూడదు. అది చదివితే నాకు మా ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, గుర్తొచ్చింది. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకునేవాడు. ఎక్కడో కూర్చున్నవాడు "ఆపాం, ఎక్కు" అంటే ఎక్కడమే. నా సర్వీసులో ఒకసారి వేరే ఫీడర్ ఆపి ఇదే ఆపామన్నారు. కుర్రాడు బతికాడు, కుడిచెయ్యి పోయింది. మీ దగ్గర ఆ దిమ్మ మెకానిక్ కళ్ళెదుటే ఉంటుంది, ఎవరైనా మళ్ళీ పెట్టబోతే కేకేస్తాడు. బీరాకులు అడ్డం వస్తే ఇంకేం చూస్తాడు?

కండెన్సర్ చుట్టూ గాలికి వదలాల్సిన చోటు వేరే లెక్క, అది కంపెనీ కాగితంలో ఉంటుంది. ఎప్పుడైనా కొత్త యూనిట్ పెట్టిస్తే అది పాతదానికన్నా లావుగా ఉండొచ్చు. తెచ్చి ఆ డబ్బాకి అడ్డంగా దించనివ్వకు. చోటు చాలకపోతే డబ్బానే పక్కకి మార్పించు. దిమ్మ లాగేశాం కదా అని నువ్వు మాత్రం లోపల చెయ్యి పెట్టకు, కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది.

ఈ శనివారం గుంజలు పీకి కంచె వైపు పాతి, తీగని అటు మళ్ళించు. తర్వాత డబ్బా ముఖం నుంచి టేపు పట్టి ఫోటో పంపు. 36 అంకె నాకు కనబడాలి.