ప్రసాదము – పథ్యము

అన్నము పరబ్రహ్మ స్వరూపమని పెద్దలు చెప్పుదురు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నమును నిందింపకుండుటను, దానిని త్రోసిపుచ్చకుండుటను వ్రతములుగా విధించినది. విస్తరిలో వడ్డించిన మెతుకును నేలపాలు చేయుటకు వెనుకాడు సంస్కారము మనకు అక్కడినుండియే వచ్చినది. మరియొక వంక ఆయుర్వేదము, దేహమునకు సరిపడని ఆహారము ఎంత ఇష్టమైనదైనను దానిని విడిచిపెట్టుమని శాసించుచున్నది. సామాన్యముగా ఈ రెండు విధులకును విరోధము కనిపింపదు. కాని భగవంతునకు నివేదింపబడి, పెద్దల చేతిమీదుగా వచ్చిన ప్రసాదమే ఒకరి దేహమునకు సరిపడనిదైనచో ఏమి చేయవలెను? గ్రహించినచో ఆరోగ్యమునకు హాని. గ్రహింపనిచో అపచారమను భయము. ఈ ధర్మసందేహము నేడు అనేక గృహములలో తలయెత్తుచున్నది. కావున దీనిని శాస్త్రదృష్టితో కొంత విచారింపవలసియున్నది.

సికిందరాబాదు ప్రాంతమందలి ఏ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి వలన వచ్చినది. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థకు ఆయన ఆద్య నిర్వాహకులు. ఆ పరిసరములలోని ఉద్యోగములకై కోస్తా జిల్లాలనుండియు, రాయలసీమనుండియు, తెలంగాణ పల్లెలనుండియు కుటుంబములు వచ్చి స్థిరపడినవి. ఒకే వీధిలో తెల్లని వరియన్నము అలవాటైన ఇల్లు, జొన్నరొట్టె అలవాటైన ఇల్లు, రాగిసంగటి అలవాటైన ఇల్లు ప్రక్కప్రక్కనే కనిపించును.

అట్టి ఇండ్లలో ఒకదానియందు ఒక కార్తిక పౌర్ణమినాడు సత్యనారాయణ వ్రతము జరిగినది. కుమారుడు ఉద్యోగరీత్యా విదేశమున ఉన్నాడు. అత్తగారు కోడలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని భక్తితో కథ వినిరి. పూజ ముగిసినది. గోధుమరవ్వ, పంచదార, నేయి చేర్చి వండిన ప్రసాదమును అత్తగారు కోడలి చేతిలో పెట్టబోయిరి. కోడలు చేయి చాపలేదు. అంతకు రెండు నెలల క్రిందటనే వైద్యులు ఆమెకు సీలియాక్ వ్యాధి కలదని నిర్ధారించి, గోధుమ ఒక్క పలుకైనను తగదని చెప్పియుండిరి.

“స్వామివారి ప్రసాదమమ్మా! ఒక్క ముద్ద తింటే ఏమీ కాదు” అని అత్తగారు బ్రతిమాలిరి. “అత్తయ్యగారూ, కళ్ళకద్దుకుంటాను, తినలేనండీ” అని కోడలు కన్నీరు పెట్టుకొనెను. అత్తగారి మనస్సులో ఉన్నది కోపము కాదు, భయము. అప్పుడే విన్న కథలో కళావతి ప్రసాదమును స్వీకరింపక వెడలినందుననే గదా, తీరమును చేరిన భర్త ఓడతో సహా కనుమరుగైనది! తన కుమారుడును సముద్రము దాటియే ఉన్నాడు. ఆ తల్లి భయమును మూఢత్వమని త్రోసివేయుట తగదు. కోడలి నిరాకరణమును అహంకారమని నిందించుటయు తగదు. ఇద్దరి పక్షమునను ధర్మము కలదు.

మొదట కోడలి దేహస్థితిని తెలిసికొందము. గోధుమ, బార్లీ మొదలగు ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. పిండి తడిపినపుడు సాగుగుణము వచ్చుట దానివలననే. అత్యధికులకు అది ఏ హానియు చేయదు. కాని కొందరి శరీరములో, పుట్టుకతో వచ్చిన లక్షణము వలన, దేహమును రక్షింపవలసిన శక్తియే గ్లూటెన్ సోకినంతనే తన చిన్నప్రేగుపై దాడి చేయును. ఆహారసారమును పీల్చుకొను సూక్ష్మమైన మొలకలు ప్రేగు లోపలి గోడపై ఉండును. అవి క్రమముగా అరిగి చదునగును. అప్పుడు ఎంత తినినను ఇనుము, సున్నము వంటి ధాతువులు రక్తమునకు చేరవు. ఏండ్ల తరబడి రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లలలో ఎదుగుదల నిలిచిపోవుట దీని ఫలితములు. ఆ కోడలును కొన్నియేండ్లు ఇనుము మాత్రలు మ్రింగినది, గుణము కనిపింపలేదు. “సరిగా తినదు, అందుకే ఇట్లున్నది” అను మాటయు పడినది. ఆమె సరిగానే తినుచుండెను; తినునదే సరిపడనిది.

ఈ వ్యాధికి గోధుమ కారణమని గుర్తించిన ఘనత హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విలెమ్ డిక్కె గారిది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944–45 శీతకాలములో, ఆ దేశమున కరవు వచ్చి రొట్టె దొరకకుండెను. దేశమంతయు కృశించుచుండగా ఈ వ్యాధిగల పిల్లలు మాత్రము కోలుకొనిరి. మరల రొట్టె రాగానే వారికి వ్యాధి తిరుగబెట్టినది. లోకమునకు ప్రాణాధారమైన ఆహారమే ఆ పిల్లలకు అపకారమైనదని అట్లు తేటపడినది. ఇప్పటికిని ఈ వ్యాధికి జీవితాంతము ఆ ధాన్యమును విడుచుటయే చికిత్స.

ఆహారము సరిపడకపోవుట అంతయు ఒక్క విధమైనది కాదు. వేరుశనగ, జీడిపప్పు వంటివి పడనివారిలో కొందరికి ఒక్క పలుకు తగిలినను నిమిషములలో పెదవులు వాచి, ఊపిరి అందక ప్రాణాపాయము కలుగవచ్చును. పాలు పడనివారి సంగతి వేరు. శైశవమున పాలలోని చక్కెరను జీర్ణము చేయు పాచకరసము చాలమందిలో వయస్సుతో తగ్గిపోవును. అందువలన కడుపుబ్బరము, విరేచనములు కలుగును. ప్రాణభయము లేదు. పాలు తోడుకొనునపుడు ఆ చక్కెర కొంత ఖర్చగును గనుక, పాలు పడనివారిలో పలువురకు మజ్జిగ పడును. గ్రహణీరోగ చికిత్సలో చరకుడు మజ్జిగను ప్రశంసించుట ఇచ్చట స్మరింపదగినది.

చరకసంహిత విమానస్థానములోని మొదటి అధ్యాయమున ఆహారమును నిర్ణయించుటకు ఎనిమిది విషయములు చెప్పబడినవి. పదార్థముయొక్క సహజగుణము ప్రకృతి. వండుట, నానబెట్టుట మొదలగు సంస్కారము కరణము. ఇతర పదార్థములతో కూడిక సంయోగము. పరిమాణము రాశి. తరువాతివి దేశము, కాలము. భోజన నియమము ఉపయోగసంస్థ. ఎనిమిదవది ఉపయోక్త, అనగా తినువాడు. ఇది హితము, ఇది అహితమని తినువానిని చూడకుండ నిర్ణయించుటకు వీలులేదని ఆ మహర్షి ఆశయము. అలవాటు వలన దేహమునకు అనుకూలించునది ఓకసాత్మ్యము. అదియును తినువానిని బట్టియే యుండును.

ఈ మాటకు మన తెలుగునాటి చరిత్రయే సాక్ష్యము. ఏ.ఎస్. రావు నగర్‌కు ఎంతో దూరము కాని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరున రాబర్టు మెక్కారిసన్ గారు బెరిబెరి వ్యాధి పరిశోధనకై నెలకొల్పిన చిన్న విభాగమే దానికి మూలము. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందినది. ఆ తొలినాళ్ళలో బెరిబెరి సర్కారు జిల్లాలను పీడించుచుండెను. కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడుట, గుండె బలహీనపడుట దాని లక్షణములు. మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యమే ప్రధానాహారమైనచోట, తవుడుతోపాటు ఒక ముఖ్యమైన విటమిను పోవుటయే దానికి కారణము. వడ్లను ఉడికించి ఆరబెట్టి దంచిన ఉప్పుడుబియ్యము తినువారికి ఆ బాధ తక్కువ. ఉడికించునపుడు తవుడులోని ఆ సారము గింజలోనికి ఇంకును. ధాన్యము ఒక్కటే, కరణము మారినది, ఫలము మారినది.

జొన్న కథ ఇంకను విచిత్రమైనది. 1960 ప్రాంతమున ఆ సంస్థ పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు తెలంగాణములో జొన్నయే ప్రధానాహారముగా బ్రతుకు పేదలలో పెల్లాగ్రా వ్యాధిని పరిశీలించిరి. ఎండ తగులుచోట్ల చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతి చెదరుట దాని లక్షణములు. పప్పు, పాలు, కూర ఏమియు లేక ఒంటి జొన్నతోనే కడుపు నింపుకొనవలసిన దారిద్ర్యము వారిది. నేడు అదే జొన్నరొట్టెను, ఆకుకూర పప్పుతో కలిపి, మధుమేహమున్నవారు వైద్యుల సలహాపై తినుచున్నారు. జొన్న మారలేదు. సంయోగము మారినది, రాశి మారినది, తినువాడు మారినాడు. కావున ఏ ధాన్యమును నిందింపరాదు. ఏ ధాన్యమును అందరకు ఒకేరీతిగా విధింపనురాదు. ఉపనిషత్తు చెప్పిన అనింద, చరకుడు చెప్పిన వివేకము ఇచ్చట ఒక్కటగుచున్నవి. సరిపడనిదానిని నమస్కరించి విడుచుట అన్నమును నిందించుట కాదు.

ఇక వ్రతకథలోనికి వత్తము. స్కాందపురాణము రేవాఖండములోనిదిగా ప్రసిద్ధమైన ఆ కథలో ప్రసాదమును స్వీకరింపనివారు ఇద్దరు కనిపింతురు. కళావతి భర్త వచ్చినాడను వార్త వినగానే తొందరలో ప్రసాదమును మరచి పరుగెత్తినది. ఆమె దోషము ఉపేక్ష. తుంగధ్వజ మహారాజు అడవిలో గొల్లవారు భక్తితో పెట్టిన ప్రసాదమును, వారిచేతిది నేను తినుటయా అను గర్వముతో విడిచినాడు. ఆయన దోషము తిరస్కారము. రోగపీడితుడై, చేతులు జోడించి, తినలేకపోతినే యని దుఃఖించిన వాడెవడును ఆ కథలో శిక్షింపబడలేదు. భగవంతుడు చూచునది నోటిని కాదు, మనస్సును.

అంతమాత్రమే కాదు. నైవేద్యమునకు కావలసిన ద్రవ్యములను చెప్పుచు ఆ కథయే గోధుమపిండిని పేర్కొని, దాని అభావమున వరిపిండిని గ్రహింపవచ్చునని అనుమతించినది. ఈ ‘అభావము’ అను మాట విచారింపదగినది. అంగడిలో గోధుమ దొరకకపోవుట ఒక అభావము. గోధుమను జీర్ణము చేసికొను శక్తి దేహమున లేకపోవుటయు అభావము కాదా? దొరకనివానికి దారి చూపిన శాస్త్రము, దొరికినను తినలేనివానికి దారి మూయునని తలచుట శాస్త్రహృదయమునకు తగినది కాదు. దేహమే ధర్మమునకు తొలి సాధనమని కాళిదాసు కుమారసంభవమున పలికించుటయు ఈ భావముతోనే.

కావున ప్రసాదము పుచ్చుకొనువానికి ఒక ధర్మము, పెట్టువానికి ఒక ధర్మము ఏర్పడుచున్నవి. పుచ్చుకొనువాడు భక్తితో కన్నులకద్దుకొని, వైద్యుడు అనుమతించిన మేరకే నోట వేసికొనవలెను; ఏమాత్రము తగనిచో దానిని మరియొకరికి అందించినను లోపము లేదు. మధుమేహి చక్కెరపొంగలిని ఉసిరికాయంత గ్రహించిన చాలును. సీలియాక్ ఉన్నవారికి, వేరుశనగ పడనివారికి ఆ ఉసిరికాయంతయు తగదు. పెట్టువాడు అందులో ఏమేమి కలిసినదో చెప్పగలిగియుండవలెను. పులిహోరలో గోధుమ ఎక్కడిదని ఆశ్చర్యపడవచ్చును. అంగడిలో దొరకు ఇంగువలో చాలవరకు గోధుమపిండి లేక మైదా కలిపియుందురు. తెలియక పెట్టుట పొరపాటు. తెలిసియు “ఏమీ కాదు” అని బలవంతపెట్టుట దోషము. పంక్తిలో ఒకరు వద్దన్నచో ఎందుకని నలుగురిలో నిలదీయకుండుటయు అతిథిపూజలో భాగమే.

రెండవ వైపు కూడ చూడవలెను. సరిపడదను మాట ఒక్కొక్కప్పుడు నాలుక పలుకు సాకు కావచ్చును. కాకరకాయ పడదనువానికి మిఠాయి ఎప్పుడును పడకపోవుట లేదు. పరీక్ష చేయించుకొనక, వినికిడిమాటలతో గోధుమను, పాలను, పప్పును ఒక్కొక్కటిగా విడుచుచు పోయినచో దేహము క్షీణించును. సీలియాక్ రక్తపరీక్ష గోధుమ తినుచుండగనే చేయించుకొనవలెను. ముందే మానివేసినచో రోగము దాగిపోవచ్చును. ఇతరులు తినునదానిని ఈసడించుటయో, అది నిజముగా అన్ననింద.

ఇంతకును లోకమున ఎక్కువ కీడు చేయునది సరిపడని ఆహారము కాదు, మితిమీరిన ఇష్టాహారము. కఠోపనిషత్తు శ్రేయస్సు, ప్రేయస్సు అని రెండు మార్గములను విడదీసినది. ఆ రెండును దినమునకు మూడుమారులు కంచమునొద్ద ఎదురగుచుండును. 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త అధ్యయనము ప్రకారము భారతదేశమున సుమారు 10 కోట్ల 10 లక్షలమంది మధుమేహముతో ఉన్నారు. రోజునకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని తార్నాక సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఊరగాయ ప్రియులమగు మనము దీనిని గుర్తుంచుకొనవలెను. ఒక్కనాటి అపథ్యము కనబడదు. ఇరువది యేండ్ల అపథ్యము కన్నులయందు, మూత్రపిండములయందు, గుండెయందు కనబడును. అట్లని అలవాటును ఒక్కమారుగా త్రెంచివేయుమని చరకుడు చెప్పలేదు. అహితమైన అలవాటును కొంచెము కొంచెముగా తగ్గించుచు, హితమైనదానిని అంతంతగా చేర్చుకొనుచు రావలెనని ఆయన ఉపదేశము. ప్రాణాపాయము కలిగించువానిని మాత్రము తక్షణమే విడువవలెను.

ఆనాడు ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ ఇంట, వ్రతము చేయించిన వృద్ధ పురోహితుడు అత్తాకోడండ్ర సంభాషణమును వినెను. ఆయన పుస్తకమును మరల విప్పి, వరిపిండికి అనుమతి కలదని చూపెను. అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట వంటింటికి వెడలి, వేరొక శుభ్రమైన గిన్నెలో, వేరొక గరిటెతో బియ్యపురవ్వను నేతిలో వేయించిరి. గంట గడచిన తరువాత స్వామికి రెండవమారు నైవేద్యము జరిగినది. ఈమారు కోడలు రెండుచేతులును చాపెను. అత్తగారు తొలిముద్ద ఆమె చేతిలో పెట్టి, తానును దానినే గ్రహించిరి.

ఆకలిగొన్నవానికి అన్నమును, అన్నమున్నవానికి వివేకమును, పెట్టుచేతికి దయను శ్రీ సత్యనారాయణస్వామి అనుగ్రహించుగాక.