కలిసిపోయిన భాగానికి చోటెక్కడ?

విడివిడిగా ఉన్నవి ఒకటైనప్పుడు ప్రతి భాగానికీ తన ఉనికి మిగులుతుందా, లేక మొత్తమే నిలిచి భాగం పేరుకు మాత్రమే ఉంటుందా అన్న ప్రశ్న మీద న్యాయదర్శనమూ బౌద్ధమూ శతాబ్దాల పాటు వాదించుకున్నాయి. అవయవాల నుంచి వాటికంటె వేరైన అవయవి పుడుతుందని, అది వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉంటుందని నైయాయికులు సిద్ధాంతీకరించగా, రథమనేది ఇరుసూ చక్రాలూ ఆధారంగా ఏర్పడిన వ్యవహారనామమేనని బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజుకు వివరించాడు. అసెంబ్లీ భాషలో ప్రోగ్రాము రాసేవారికి ఈ వివాదమే, విడి ఫైళ్లను కలిపి ఒకటి చేసే లింకరు దగ్గర ఎదురవుతుంది.

అసెంబ్లరు ప్రతి మూలఫైలునూ ఒక ఆబ్జెక్టు ఫైలుగా మారుస్తుంది. అందులో ఆదేశాలకు ఒక సెక్షను, మారని సమాచారానికి మరొక సెక్షను ఉంటాయి. ఒకే పేరున్న సెక్షన్లను లింకరు వరుసగా పేర్చి ఒక్కటి చేస్తుంది గనుక సున్నా నుంచి లెక్కించిన స్థానాలన్నీ జరుగుతాయి. జరిగిన చిరునామాలను ఆదేశాలలో నింపే పనిని రీలొకేషన్ అంటారు. ఇంతవరకు భాగానికి లోటు లేదు. పావగడ తాలూకాలో 5 గ్రామాల రైతులు కౌలుకిచ్చిన దాదాపు 13,000 ఎకరాలలో ఒకే సౌరపార్కు వెలసినా భూమి హక్కు రైతులదే అయినట్లు, ఏ ఫైలు ముక్క ఎక్కడ మొదలైందో లింకరు రాసిచ్చే మ్యాప్ ఫైలులో కనిపిస్తుంది.

అసలు చిక్కు విలీనానికి అనుమతి గుర్తు ఉన్న సెక్షన్లలో ఉంది. రెండు ఫైళ్లలో ఒకే స్ట్రింగు, అంటే సున్నా బైటుతో ముగిసే అక్షరాల వరుస, ఉంటే లింకరు ఒక్క ప్రతినే ఉంచవచ్చు. అంతటితో ఆగక, ఒకదాని చివర మరొకటి ఇమిడితే దానికి వేరే చోటే ఇవ్వకపోవచ్చు. యూటీఎఫ్-8లో ‘హిందూపురం’ ఉన్నచోట, దాని మొదటి 15 బైట్ల తరువాతి చిరునామాయే ‘పురం’ అనే స్ట్రింగుకు చిరునామా అవుతుంది. కాబట్టి పక్కపక్కన రాసినవి పక్కపక్కనే ఉంటాయని నమ్మి, ఒకదాని లేబులుకు దూరం కలిపి రెండోదాన్ని చేరబోవడం పొరపాటు. దేని లేబులు దానికి ఉండాలి. మొత్తం సెక్షను హద్దులే కావాలంటే లింకరు స్క్రిప్టులో ఆద్యంతాలకు గుర్తులు పెట్టుకుంటే చాలు.

ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన నదుల దృష్టాంతం ఇక్కడ సరిగా అతకదు: సముద్రంలో కలిసిన నదులు తాము ఫలానా అని ఎరగవు, ఇక్కడ మాత్రం ఉనికి ఒకటైనా పేర్లు రెండూ బతికే ఉంటాయి. ఈ బైట్లు ఏ ఫైలువన్న ప్రశ్నకు అర్థమే పోతుంది గనుక, అవయవాలను విడిగా చూపగలిగితేనే నిలిచే నైయాయికుని వాదమూ ఇక్కడ తడబడుతుంది. స్ట్రిప్ అనే పనిముట్టుతో గుర్తుల పట్టికను తొలగిస్తే ఆ పేర్లూ పోతాయి. అయినా చిరునామాలు అప్పటికే ఆదేశాలలో చేరి ఉన్నందున ప్రోగ్రాము మునుపటిలాగే నడుస్తుంది, తప్పు వెతకడానికి వచ్చినవారికి మాత్రం అంకెలే దొరుకుతాయి.