అర్పణము – ఆరోగ్యము

మిరప మన నేలకు ప్రాచీనము కాదు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వెంట అమెరికా ఖండమునుండి వచ్చినది. 12వ శతాబ్దపు కల్యాణములో శరణుల పంక్తిలో అది లేదు. నేడు గుంటూరు, ప్రకాశం సీమలలో కారప్పొడి, గోంగూర పచ్చడి లేని విస్తరి అరుదు. అయినను కారముకంటె దాని చాటున కడుపు చేరు ఉప్పే ఎక్కువ కీడు. పెద్దలకు దినమునకు 5 గ్రాములలోపే ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. ఊరగాయ, అప్పడము, వడియములు కూడినచో ఆ హద్దు నిలువదు.

దేహమునే దేవాలయముగా నెంచిన బసవేశ్వరుని మార్గమున నడచువాడు లింగమునకు అర్పింపక భుజింపడు. అర్పించినంతమాత్రాన రక్తపోటును పెంచు పదార్థము మేలు చేయునా? అర్పణకు ముందే, వంటింటిలోనే, విచక్షణ కావలెను. మద్యమాంసములను విసర్జించిన ఇంట ఉప్పుజాడి యెడల ఈ ఉదాసీనత ఏల? ఉప్పు తగ్గించిన తొలినాళ్ళ కూర చప్పగా తోచును. కొన్ని వారములకు నాలుక దానికే అలవడును.