సోకు ఎవరికోసం?

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సాయంత్రం బయల్దేరిన మగవాణ్ణి మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "ఏంటి, పెళ్ళిచూపులా?" మగవాడు ఊరికే ముస్తాబైతే అనుమానమే. కన్యాశుల్కం గిరీశం దగ్గర్నుంచీ మనకి సోగ్గాడంటే డాబుగాడు.

ఈ లెక్క నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 2025 వసంతంలో మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్ పండగ. ఆ రెండ్రోజులూ హైదరాబాద్ వీధుల్లో కొత్త పంచెలు, మడత నలగని కుర్తాలు, అత్తరు వాసన. అందులో గొప్ప కన్నా మర్యాదే ఎక్కువ: నిన్ను కలవడానికి తయారై వచ్చాను అని చెప్పడం.

కానీ అవే సాయంత్రాల్లో, చెమట చారల కంపెనీ టీషర్ట్‌తో పార్సిల్ తెచ్చిన కుర్రాణ్ణి అపార్ట్‌మెంట్‌లో సర్వీస్ లిఫ్ట్ వైపు పంపుతారు. నా లినెన్ చొక్కాని ఎవరూ ఆపరు. బట్టలతో మర్యాద చెయ్యడం వేరు, మర్యాద ఎవరికి దక్కాలో బట్టలతో తేల్చడం వేరు. 1921లో మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టింది పేదవాడికీ తనకీ మధ్య దూరం తగ్గించుకోవడానికే.

అందరం చొక్కాలు విప్పక్కర్లేదు. నా సోకు ఎదుటివాడికి నేనిచ్చే గౌరవం అంటున్నాను కదా, ఆ లిఫ్ట్ దగ్గర కుర్రాడు కూడా ఎదుటివాడే. అతనికి అందని గౌరవం ఒట్టి సోకే.